రేవునొద్ద నిలిచిన ఉపాధ్యాయుడు

ధ్యానమునకు: న్యాయాధిపతులు 12:1–6, మత్తయి 21:15–16, అపొస్తలుల కార్యములు 21:37–22:2



ఒక్క అక్షరము నిమిత్తము మనుష్యులు ప్రాణములు పోగొట్టుకొనిన సంగతి పరిశుద్ధ గ్రంథములో ఒకటి గలదు. యెఫ్తా దినములలో గిలాదువారికిని ఎఫ్రాయిమువారికిని యుద్ధము జరిగెను. ఓడిపోయిన ఎఫ్రాయిమువారు యొర్దాను దాటి ఇండ్లకు పోవలెనని రేవులయొద్దకు వచ్చిరి. గిలాదువారు అక్కడ కాపుండి, ఒక్కొక్కని ఆపి ‘షిబ్బోలెతు’ అను మాట పలుకుమనిరి. ఎఫ్రాయిమువాని నాలుకకు ఆ ‘ష’ తిరుగదు. ‘సిబ్బోలెతు’ అని పలికినవానిని పట్టుకొని అక్కడనే చంపిరి. ఆ కాలమున పడినవారు 42,000 మంది. వారు పరాయివారా? కారు. గిలాదు అను పేరు మనష్షే వంశావళిలోనిది. మనష్షేయు ఎఫ్రాయిమును యోసేపు కన్న కుమారులు. అన్నదమ్ముల బిడ్డలే ఒకరినొకరు నాలుకనుబట్టి తీర్పు తీర్చుకొనిరి.

ఇది ఎప్పటిదో పాత కథ, మన ఊరికి దీనితో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని మన పల్లెలలో ఇప్పుడు ఇంగ్లీషు రాని ఇల్లు లేదు. మాటాడుట రాకపోయినను పుస్తకము వచ్చినది, ఫీజు వచ్చినది, ఆశ వచ్చినది. 2022–23 విద్యా సంవత్సరము నుండి ప్రభుత్వ బడులలో సహితము ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టిరి. కావున ప్రతి పల్లెలోను ఒక రేవు ఏర్పడినది. పిల్లవాడు ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డునకు దాటవలెను. ఆ రేవునొద్ద నిలిచినవారము మనము, అనగా ఉపాధ్యాయులు, తలిదండ్రులు, సంఘ పెద్దలు. వాడు తప్పు పలికినప్పుడు మనము ఏమి చేయుచున్నాము? కత్తి లేదు, నిజమే. అయితే నవ్వు ఉన్నది. తప్పు పలికిన బిడ్డను చూచి నవ్వుట దేవుని యెదుట చిన్న సంగతియా, పెద్ద సంగతియా? దీనినే ఈ నెల మనము ఆలోచింతము.

ప్రార్థనా మందిరపు వరండాలో సాయంకాలము పిల్లలకు ఇంగ్లీషు చెప్పుట నా పనులలో ఒకటి. వచ్చువారిలో మగపిల్లలే ఎక్కువ. పత్తి ఏరి వచ్చినవారు, మేకలను దొడ్డిలో తోలి వచ్చినవారు, తండానుండి నడిచి వచ్చినవారు. కూర్చున్నంతసేపు చేతులు ఊరకుండవు. ఒకని చొక్కా అంచు కిటికీ ఊచకు ముడిపడును. ఒకని చెప్పు ఇంకొకని సంచిలో తేలును. ‘ఇన్’ అను మాటకు వ్యతిరేక పదము చెప్పుమనిన, ‘ఔట్!’ అని నలుగురు ఒక్కసారి అరిచి వ్రేలు పైకెత్తుదురు. వెంటనే నిన్నటి ఆటలో ఎవడు ఔటో ఎవడు నాటౌటో అను వ్యాజ్యెము లేచును. అయితే గమనించుడి: క్యాచ్, రనౌట్, వైడ్, బౌలింగ్, అంపైర్ అను మాటలు ఏ బడియు చెప్పకమునుపే ఈ పిల్లల నోట ఉన్నవి. ఆటలో ఎవడును ఉచ్చారణను చూచి నవ్వలేదు గనుక అవి వచ్చినవి. ఆ ధైర్యము పుస్తకము తెరవగానే ఎక్కడికి పోవుచున్నది?

ఒక దినము ‘నైఫ్’ అను మాట పలకమీద వ్రాసితిని. “అయ్యగారూ, కత్తికి ముందు కె ఎందుకున్నది? పలుకనప్పుడు రాసుడెందుకు?” అని ఒకడు లేచెను. “అది కావలికి కూసున్నదిరా” అని ఇంకొకడు. అందరు నవ్విరి, నేనును నవ్వితిని. ఇది ఎవరిని నొప్పించని నవ్వు. నిజమునకు ఆ అక్షరమును ఒకప్పుడు ఇంగ్లీషువారు పలికినవారే. పలుకు మారినది, వ్రాత నిలిచిపోయినది. మన బండి ‘ఱ’ సంగతియు అట్టిదే గదా! ఈ మాట చెప్పగా వారి కన్నులు వెలిగినవి. తమ భాషకు ఉన్న చిక్కే దొరల భాషకును ఉన్నదని తెలిసినప్పుడు పిల్లవాడు నిటారుగా కూర్చుండును.

మన బిడ్డలు తప్పు పలుకుటకు కారణము బుద్ధిహీనత కాదని మొదట తెలిసికొనవలెను. తెలుగు మాట చాలమట్టుకు అచ్చుతో ముగియును. అందుచేత ‘బస్’ మన ఇంటికి వచ్చి ‘బస్సు’ అయినది. మాట మొదట ‘స్క’ వంటి జంట హల్లు నాలుకకు బరువు గనుక మన ముసలివారు ‘ఇస్కూలు’ అందురు. మన వాక్యములో క్రియ చివరకు వచ్చును, ఇంగ్లీషులో నడుమ వచ్చును. ‘నాకు ఇద్దరు తమ్ములున్నారు’ అని మనము అనుచుండగా, వారు ‘నేను ఇద్దరు తమ్ములను కలిగియున్నాను’ అను రీతిగా చెప్పుదురు. తండా బిడ్డకు ఇంకను కష్టము. ఇంటిలో లంబాడీ, వీధిలో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు. మూడు భాషల బరువు మోయుచున్న పదియేండ్ల వానిని మొద్దు అని పిలుచుట న్యాయమా? మన ‘ళ’, మన ‘ణ’ ఇంగ్లీషు నాలుకకు అంత సులువుగా లొంగవు. అందుకు వారిని మనము మొద్దులని అనుటలేదే!

ఇక్కడ ఒకరు లేచి, “అయ్యగారూ, నవ్వవద్దు, కోపపడవద్దు అనిన బిడ్డ ఎట్లు నేర్చుకొనును? తప్పును తప్పని చెప్పకపోవుట ప్రేమయా? సామెతలు 13:24 బెత్తము వాడనివాడు కుమారుని ద్వేషించుచున్నాడని చెప్పుటలేదా?” అని అడుగవచ్చును. ఇది తగిన ప్రశ్న. తప్పును దిద్దని ఉపాధ్యాయుడు మంచివాడు కాడు, సోమరి. రేపు ఉద్యోగపు పరీక్షలో వానిని దిద్దువారు ఉండరు, త్రోసివేయువారే ఉందురు. కావున దిద్దవలసినదే, పదిసార్లయినను దిద్దవలసినదే. అయితే సామెతలు వ్రాసినవాడు ద్వేషమునకు ప్రేమకు భేదము చెప్పుచున్నాడని మరువకుడి. ఆ వాక్యము ప్రేమించు తండ్రి శిక్షనుగూర్చినది, విసిగిన మనిషి కోపమునుగూర్చినది కాదు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6:4లో పిల్లలకు కోపము రేపవద్దని తండ్రులకే ఆజ్ఞ గలదు. మన దేశపు విద్యాహక్కు చట్టము, 2009 సంవత్సరపుది, పదిహేడవ విభాగములో బడి పిల్లలను కొట్టుటను మాత్రమే గాక మనస్సును హింసించుటను కూడ నిషేధించినది. దెబ్బ గాయము మానును, పదిమందిలో కలిగిన అవమానము మానుటకు ఏండ్లు పట్టునని చట్టము వ్రాసినవారికిని తెలిసినది.

గిలాదువారును దిద్దువారును ఒకే ప్రశ్న అడుగుదురు: ‘ఈ మాట పలుకుము.’ భేదము అడుగుటలో లేదు, అడిగిన ఉద్దేశములో ఉన్నది. గిలాదువాడు రేవునొద్ద నిలిచినది ఎదుటివాడు దాటకుండుటకు. ఉపాధ్యాయుడు నిలిచినది వాడు దాటుటకు. ‘సిబ్బోలెతు’ అని వినగానే ఒకడు కత్తి తీసెను. మరియొకడు, “నాలుక కొంచెము వెనుకకు మడువుము బిడ్డా, మరల అనుము” అని చేయి అందించును. పరీక్ష ఒక్కటే, హృదయములు రెండు. మీ యింట ఏ హృదయము ఉన్నదో తెలిసికొనుటకు ఒక గురుతు చెప్పెదను. మీరు దిద్దిన తరువాత బిడ్డ మరల నోరు తెరచెనా, మూసికొనెనా? తెరచినయెడల మీరు దిద్దినట్లు. మూసికొనినయెడల మీరు కొట్టినట్లే, చేయి ఎత్తకపోయినను.

మౌనముగా ఉన్న తరగతిని చూచి మంచి తరగతి అని పొగడుట మనకు అలవాటు. యెరూషలేము దేవాలయములో చిన్నపిల్లలు కేకలు వేయుచుండగా ప్రధానయాజకులును శాస్త్రులును కోపపడిరి. ప్రభువు ఆ పిల్లలను ఊరకుండుమనలేదు. లేఖనమును ఎత్తి పెద్దల నోరే మూయించెను. జెకర్యా 8:5లో పట్టణము బాగుపడిన దినమును ప్రవక్త ఎట్లు గుర్తించెను? వీధులనిండ ఆడుకొను బాలబాలికలను చూచి. అయినను అల్లరియంతయు పరిశుద్ధమని నేననుటలేదు. ఒకని ఆట ఇంకొకని ఏడుపు అయినప్పుడు దానిని ఆపవలెను. కాని బ్రతికియున్న పిల్లలు శబ్దము చేయుదురు. నేర్చుకొనుట శబ్దముతోనే జరుగును, ముఖ్యముగా భాష. అల్లరివాడు తప్పు పలుకుటకు భయపడడు గనుక ముందుగా నేర్చును. వాని అల్లరిని అణచుటలో వాని నాలుకను కూడ కోసివేయకుండ చూచుకొనవలెను.

ఒక పిల్లవాడు అడిగిన ఇంకొక ప్రశ్న మన సంఘమునకు చెప్పదగినది. ‘యు’ అను మాటకు నీవు అనియు మీరు అనియు రెండర్థములని చెప్పగా, “గట్లైతే పటేలుకూ నాకూ ఒకటే మాటనా, అయ్యగారూ?” అనెను. ఒక్కటే. మన తాతలు దొర గడపయెదుట చెప్పులు చేతబట్టుకొని, బాంచెనని చెప్పుకొని నిలిచిన ప్రాంతము ఇది. ఆ తాతల మనుమడు ఒక్క మాటలో సమానత్వము చూచి ఆశ్చర్యపడెను. అయితే ఇది ఇంగ్లీషువారి గొప్ప అనుకొనకుడి. వారికిని ఒకప్పుడు ‘దౌ’ అను మాట ఉండెను, అది మన ‘నీవు’ వంటిది. వారి పాత బైబిలులో దేవుని ఆ మాటతోనే పిలిచిరి. మన తెలుగు ప్రార్థనలోను సర్వోన్నతుని ‘నీవు’ అనియే పిలుచుచున్నాము. పటేలును మీరు అనవలసిన నోరు పరలోకపు తండ్రిని నీవు అనుటకు ధైర్యము పొందినది. ఆ ధైర్యము మనకు ఏ భాషయు ఇవ్వలేదు, క్రీస్తు ఇచ్చెను. పెద్దలను మీరు అనుట మన మర్యాద, దానిని బిడ్డలు విడువనక్కరలేదు. కాని మర్యాద వేరు, భయము వేరు.

మన మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్ పేరు లోకమంతట తెలియుటకు కారకుడైన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారిని జ్ఞాపకము చేసికొనుడి. ఆయన 1874లో తమిళదేశమున పుట్టెను, తండ్రి పల్లె పాదిరి. 1903లో తిరునెల్వేలిలో స్థాపింపబడిన ఇండియన్ మిషనరీ సొసైటీ నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమును తన సేవకై ఎన్నుకొనెను. ఆయన స్వయముగా ఇక్కడికి వచ్చుసరికి ముప్పది దాటిన వయస్సు. ఇంగ్లీషు బాగుగా వచ్చిన ఆ విద్యావంతుడు కూలివాండ్రతో మాటాడుటకు తెలుగును నేర్చుకొనెను. అనగా నిరక్షరాస్యుల యెదుట తప్పులు పలుకుచు నేర్చుకొనెను. 1910లో ఎడింబరో మహాసభలో ఇంగ్లీషులో నిలిచి, ధనమును ప్రాణమును ధారపోసిన మిషనెరీలను స్నేహమును కూడ ఇయ్యుమని అడిగెను. 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటివాడు ఆయనయే. దొరల యెదుట ఇంగ్లీషు, పల్లెజనుల యెదుట తెలుగు. ఒకటి నేర్చి ఒకటి విడువలేదు. పలక, పుస్తకము, ఫీజు ఇచ్చితిమి, ఇక చాలుననుకొను మనకు కూడ ఆయన అడిగిన ప్రశ్నయే మిగిలియున్నది: బిడ్డకు స్నేహము ఇచ్చితిమా?

పౌలును చూడుడి. సహస్రాధిపతితో గ్రీకు మాటాడెను. వెంటనే మెట్లమీద నిలిచి జనులతో హెబ్రీ భాషలో మాటాడెను, వారు మరి నిశ్శబ్దముగా వినిరి. దూరదేశమైన కొరియాను చూడుడి. 1910 మొదలు 1945 వరకు జపాను వారి ఏలుబడిలో ఉండెను. ఆ ఏలుబడి చివరి ఏండ్లలో బడులలో వారి మాతృభాషను నేర్పుట మాన్పించిరి. విడుదల పొందినవారు మొదట తమ భాషను బడిలో నిలువబెట్టుకొనిరి. 1997 నుండి మూడవ తరగతి మొదలుకొని ఇంగ్లీషును కూడ నేర్పుచున్నారు. తల్లిని ఇంట ఉంచుకొనియే చుట్టమును పిలిచిరి.

ఇప్పుడు నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా బాధించు సంగతి చెప్పెదను. బడిలో నవ్వులపాలైన పిల్లవాడు నాలుగేండ్లకు ఇంగ్లీషు నేర్చుకొని ఇంటికి వచ్చును. ‘ఇస్కూలు’ అనిన తల్లిని చూచి నవ్వును. వాని ఫీజు కొరకు మిరప తోటలో వంగి వంగి నడుము పోయిన తల్లి అది. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఊరకుండును. అప్పటినుండి వాని స్నేహితులు వచ్చినప్పుడు ఆమె లోపలికి పోవును. వానికి ఈ నవ్వు ఎవరు నేర్పిరి? రేవునొద్ద మనము నిలిచిన విధమే నేర్పినది. కత్తి దెబ్బ తిన్నవాడు దాటి, అవతలి ఒడ్డున తానే గిలాదువాడై కత్తి పట్టుకొనెను. అందుకే తప్పు పలికిన బిడ్డను చూచి నవ్వుట చిన్న సంగతి కాదని నేను చెప్పుచున్నాను. అది ఒక తరముతో ఆగదు.

పేతురును అతని పలుకే పట్టియిచ్చెనని మత్తయి 26:73 తెలుపుచున్నది. అది గలిలయ యాస. ప్రభువు పెరిగినదియు ఆ గలిలయలోని నజరేతులోనే. యెరూషలేము పండితులు నవ్వుకొనదగిన యాస మన రక్షకుని నోటను ఉండెనని తలంచుట తప్పు కాదు. పల్లె పలుకును చూచి నవ్వువాడు ఎవరిని చూచి నవ్వుచున్నాడో ఆలోచించుకొనవలెను.

కావున సహోదరులారా, కొన్ని మాటలు చెప్పి ముగించెదను. బిడ్డ తప్పు పలికినప్పుడు ఒంటరిగా దిద్దుడి, బాగుగా పలికినప్పుడు పదిమందిలో మెచ్చుకొనుడి. ఇంగ్లీషు వచ్చిన యౌవనులారా, వారమునకు ఒక సాయంకాలము రానివారికి ఇయ్యుడి. తలిదండ్రులారా, మీకు రాదని సిగ్గుపడకుడి. బిడ్డను ఒక మాట నేర్పుమని అడుగుడి, వాడు మీకు ఓపికతో నేర్పినప్పుడు వాని చదువు పండినదని తెలిసికొనుడి. తెలుగు వాక్యమును ప్రతి రాత్రి వానిచేత చదివించుడి.

పెంతెకొస్తు దినమున ఆత్మ దిగివచ్చినప్పుడు ఎవనిని తన భాష మానుమనలేదు. ప్రతివాడు తన తన సొంత భాషలోనే దేవుని గొప్పకార్యములను వినెను. మన నాలుకను, మన నవ్వును ఆ ఆత్మయే ఏలును గాక. ఆమేన్.