కంటికి ప్రసాదము

వీరశైవ గృహస్థుడు లింగమునకు అర్పింపనిదే అన్నము ముట్టడు. అర్పణకు పూర్వము ఎదుట నున్నది పదార్థము. అర్పణానంతరము అదియే ప్రసాదము. వస్తువు మారలేదు, దానిని గైకొను మనస్సు మారినది. పసితనము నుండి అలవడిన యీ నియమమునందు ఎవరికిని సంశయము లేదు. కాని మనుష్యుడు నోటితో మాత్రమే భుజించుచున్నాడా? కంటితో దినమునకు ఎన్ని గంటలు భుజించుచున్నాడు? ఆ భోజనమునకు అర్పణ యేది?

ప్రశ్న క్రొత్తది కాదు. షట్‌స్థల సిద్ధాంతమును వివరించిన పెద్దలు ఇంద్రియముల కన్నింటికిని ఈ విధిని చెప్పియే యున్నారు. ముక్కు ఆచారలింగమునకు ముఖము. నాలుక గురులింగమునకు, కన్ను శివలింగమునకు, చర్మము జంగమలింగమునకు, చెవి ప్రసాదలింగమునకు, హృదయము మహాలింగమునకు ముఖములు. వాసన మొదలుకొని తృప్తి వరకు మనుష్యుడు పొందు ప్రతి యనుభవమును ఆ ముఖమున లింగమునకు చేరి, పిమ్మటనే అతనికి దక్కవలెను. వీనిలో కన్నును, దానికి చెప్పబడిన శివలింగమును ప్రసాదిస్థలమునకు చెందినవి. ఆ స్థలమున భక్తికి పేరు అవధానభక్తి. భక్తస్థలమునకు శ్రద్ధను, మహేశస్థలమునకు నిష్ఠను చెప్పిన పెద్దలు కంటి స్థలమునకు అవధానమును చెప్పుట గమనింపదగినది. అవధానమనగానే తెలుగువారికి అష్టావధానము, శతావధానము స్ఫురించును. పలుదిక్కుల నుండి పృచ్ఛకులు లాగుచున్నను చెదరని మనస్సు అది. ప్రసాదిస్థలమున దాని అర్థము అంతకు మిక్కిలి దూరమైనది కాదు. లోనికి వచ్చుచున్న దానిని వచ్చుచున్నదని యెరిగి గైకొనుటయే అవధానము.

విశ్రాంత జీవితము గడపుచున్న ఒక ఉపాధ్యాయుని మూడు నెలల చదువును, చూపును ఉదాహరణముగా దీసికొనవచ్చును. ఇంట పుస్తకముల బీరువా కలదు. బసవపురాణమును రెండుమారులు చదివినవారు. కార్తికమున పండితారాధ్య చరిత్రమును మొదలుపెట్టిరి. దీక్షా ప్రకరణము ముగిసినది. పురాతన ప్రకరణమున నాలుగు పుటలు నడచినవి. అక్కడ గుర్తుగా నుంచిన నెమలియీక మాఘము వచ్చినను కదలలేదు. అట్లని ఆయన చదువు మానలేదు; దినమంతయు చదువుచునే యున్నారు. ఉదయము రెండు దినపత్రికలు. పిమ్మట సెల్‌ఫోనులో బంధుమిత్రులు పంపిన సందేశములు, వానినుండి వార్తలు, వార్తల క్రింద జనుల తగవులు. మధ్యాహ్న భోజనముతో పాటు టీవీలో రాజకీయ చర్చ. రాత్రి ఓటీటీలో నేరకథల ధారావాహిక యొక భాగము. అది ముగిసి ముగియకముందే రెండవది. పడక చేరిన పిమ్మట నిమిషమున కొకటిగా రీల్సు. ఒకనాటి రాత్రి భార్య "ఇంతసేపూ ఏం చూశారండీ?" అని యడిగినది. చెప్పుదమన్నచో ఒక్కటియు జ్ఞాపకము రాలేదు. లింగార్చన నాడును లోపింపలేదు. భోజనమును అర్పించియే భుజించినారు. కంటితో తిన్నది మాత్రము అంతయు అనర్పితము.

దీనికి లోకము చెప్పు మందు ఒక్కటే. చెడ్డది చూడవలదు, మంచిది చూడుము. వినుటకు బాగున్నది గాని యీ మాట నిలువదు. విషయమును బట్టియే విధినిషేధములు చేసినచో మొదట మూయవలసినది బసవపురాణమే యగును. సిరియాళుడు కన్నకొడుకును వండించి పెట్టిన కథ అందే కలదు. కన్నప్ప తన కన్ను పెకలించుకొనుట అందే కలదు. ముగ్ధసంగయ్య కథ వేశ్య యింట నడచును. వేటగాండ్రును, దొంగలును, కోపిష్ఠులును పాల్కురికి సోమనాథుని ద్విపదలో భక్తులై నిలిచియున్నారు. తరతరములుగా తెలుగు భక్తులు ఈ కథలను విని కన్నీరు పెట్టుకొనిరే గాని రక్తమును జూచుటకై వినలేదు. బాపు 1976లో తీసిన ‘భక్త కన్నప్ప’ చిత్రమునందు ఆ ఘట్టము వచ్చునప్పటికి చేతులు జోడించిన ప్రేక్షకులున్నారు. నేటి నేరకథలలోను రక్తమే కలదు. తేడా రక్తమున లేదు.

చూచుటయే దోషమని కూడ సోమనాథుడు తలపలేదు. పండితారాధ్య చరిత్రము కడపటిదైన పర్వత ప్రకరణమున శివరాత్రికి శ్రీశైలము చేరిన జనులు చూచిన ఆటపాటలను, బొమ్మలాటలను, నాటకములను ఎంతో వేడుకతో వర్ణించినాడు. తెలుగువారి ప్రాచీన వినోదములను గూర్చి పరిశోధించువారికి ఆ పుటలే నేటికిని ఆధారము. జాగరణ రాత్రి భక్తుడు ఆట చూచుట అతనికి తప్పుగా దోచలేదు.

అట్లయినచో భేద మెక్కడ? అర్పణకు ఒక క్షణము కావలెను. పళ్ళెము ఎదుటికి వచ్చుటకును, ముద్ద నోటికి పోవుటకును నడుమ చేయి నిలుచు క్షణమది. పదార్థము ప్రసాదమగుట ఆ నిలుపుదలలోనే. పూర్వపు చదువునకు, చూపునకు ఈ నిలుపుదల దానియంతట అదియే యుండెడిది. తాటియాకు తిప్పవలెను. పురాణము చదువువాడు ఆగి అర్థము చెప్పవలెను, వినువాడు సందేహ మడుగవలెను. వారపత్రికలో ధారావాహిక నవల చదివినవారు తరువాతి భాగమునకు ఏడు దినములు వేచియుండిరి. ఆ యేడు దినములు నూతి గట్టున, కచేరీలో, బస్సులో ఆ కథయే చర్చ. ఆ నవలలన్నియు ఉత్తమములని కాదు. 1980 ప్రాంతమున యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి చేతబడి కథలను జనులు విరగబడి చదువుచుండగా పెద్దలు విసుగుకొనిరి. అయినను చదివినదానిని నమలుటకు వారము గడువుండెను. సినిమాకు విశ్రాంతి యుండెను, ముగింపు ఉండెను, ఇంటికి నడచుచు మాటలాడుకొనుటకు దారి యుండెను.

నేటి తెర ఆ గడువును తీసివేసినది. ఒకటి ముగియుచుండగనే రెండవది తానై మొదలగును. వేలు కదపినంతనే మూడవది. ఇది యాదృచ్ఛికము కాదు. చూచువాడు లేచిపోకుండుటయే వ్యాపారమైన చోట నిలుపుదల నష్టము క్రింద లెక్క. కనుక రీల్సులోని విషయము మంచిదైనను, చెడ్డదైనను, వచనగానమే యైనను, ఆ వరుసలో వచ్చినప్పుడు అర్పణకు చోటు దొరకదు. అక్కమహాదేవి వచనమొకటి విని, మరునిమిషము ఎవరో జారిపడుట చూచి నవ్వి, ఆ మరునిమిషము బంగారము ధర తెలిసికొన్నవాని హృదయమున ఏది మిగులును? మొదట పంచాక్షరి జపించి ఫోను తెరచినంత మాత్రమున ఆ ప్రవాహమంతయు ప్రసాదమగునని చెప్పువారున్నారు. ఒక్కమారు నమస్కరించి మూడుపూటల అన్నమును కలిపి మ్రింగుట వంటిది అది.

పరిమాణమును గూర్చి శరణుల యొక కథ గుర్తుచేయవలసి యున్నది. ఆయ్దక్కి మారయ్య కళ్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట ఒలికిన బియ్యపు గింజల నేరి తెచ్చుట తన కాయకముగా చేసికొనినవాడు. ఒకనాడు ఆయన నిత్యము కంటె కొంచెమెక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, ఇంత యాశ ఎక్కడి నుండి వచ్చినదని నిలదీసి, ఎక్కువైన బియ్యమును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, అపవిత్రము కాదు, జంగమ దాసోహమునకే వచ్చునది. అయినను నేటికి కావలసినదాని కంటె ఎక్కువ గనుక లక్కమ్మ కాదన్నది.

పై ఉపాధ్యాయుని ఫోనులో ఇంటర్నెట్టు నుండి దింపుకొన్న పాత తెలుగు గ్రంథములు కొన్ని వందలున్నవి. శతకములు, పురాణములు, నిఘంటువులు, అచ్చు దొరకని శైవ గ్రంథములు. చూచి యెవరైనను సంతోషింపవలసినదే. తెరచినవి పది లేవు. క్రొత్తది దొరకినప్పుడెల్ల చదివినంత తృప్తి కలుగుచున్నది. చదువు మాత్రము జరుగుట లేదు. సీరియళ్ళు చూచు స్త్రీలను ఎగతాళి చేయు పురుషులు పలువురున్నారు. పత్రికలో రాజకీయ కలహమును నిత్యము చదువుటయు ముగింపు లేని సీరియలే యని వారికి తోచదు. అట్లే చెడ్డది అతిగా చూచువానిని తప్పుబట్టువారికి మంచిది అతిగా కూడబెట్టుటయు ఆశయే యని తోచదు. లక్కమ్మ తిప్పి పంపినది రాళ్ళను కాదు, బియ్యమును.

తినువాడు పండించినవానిని మరువరాదను నియమము కంటికి కూడ వర్తించును. విజయపురమున న్యాయవాదియైన ఫ. గు. హళకట్టి ఊరూర తిరిగి వచనముల తాళపత్రములు సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించి, ముద్రణాలయమునకై సొంత యిల్లు అమ్ముకొని, 1926లో ‘శివానుభవ’ పత్రికను నెలకొల్పినారు. నేడు వచనము చదువు ప్రతివాని కంటికి ఆయన కాయకము అన్నము పెట్టుచున్నది. సినిమాకును అట్లే వందలమంది కాయకము కలదు. కనుక దొంగప్రతిని ఉచితముగా చూచువాడు ఎంత పుణ్యచిత్రమును చూచినను ఒరుల కాయకమును హరించినవాడే. ఇందు ఎక్కువ చర్చ అనవసరము.

ఇంతకంటె బరువైన విషయము వేరొకటి కలదు. మాఘమున ఆ ఉపాధ్యాయుని ఫోనునకు బసవేశ్వరుని చిత్రముతో ఒక సూక్తి వచ్చెను. ఒక మతమువారిని నీచముగా దూషించు వాక్యమది. చిత్రమును చూచి, నమస్కరించి, వాక్యమును సగము చదివి, ఆయన దానిని మూడు బృందములకు పంపివేసిరి. కలబురగిలో చదువుచున్న మనుమరాలు కొంతసేపటికి ఫోను చేసి "తాతా, ఇందులో అంకితం ఏదీ?" అని అడిగినది. బసవేశ్వరుని వచనమున కూడలసంగమదేవుని అంకితముండును. అక్కకు చెన్నమల్లికార్జునుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు. ఈ మాటకు బాధ్యుడెవడో, ఎవని యెదుట పలికినాడో తెలుపు ముద్ర అది. ఆ వాక్యమునకు అంకితము లేదు, పలికినవాడు లేడు, బాధ్యత లేదు; బొమ్మ మాత్రమున్నది. నలువది యేండ్లు పిల్లలకు పాఠము చెప్పినవారు, బసవపురాణము రెండుమారులు చదివినవారు, ఆ చిన్న ప్రశ్నను తమకు తాము వేసికొనలేకపోయిరి. అజ్ఞానము వలన కాదు. అనర్పితముగా చూచుట అలవాటైన కన్ను అర్పింపవలసిన చోట గూడ నిలువలేదు. కంటి నుండి చేతికి, చేతి నుండి నూరు ఇండ్లకు ఆ ద్వేషము ఒక్క నిమిషములో చేరినది. మరునాడు ఆయన అది బసవేశ్వరునిది కాదని మూడు బృందములలోను వ్రాసిరి. ఇద్దరు కోపించి బృందము వీడిపోయిరి. దానిని మరల పంపివేసినవారి సంఖ్య మాత్రము ఆయనకు తెలియదు, తెలిసికొనుటకు మార్గమును లేదు.

ఇట్లు ప్రతి చూపునకు నియమము పెట్టినచో జీవితమున నవ్వు మిగులునా యని శంకింపవచ్చును. ప్రసాదము రుచిలేని అన్నమని ఎవరును చెప్పలేదు. పండుగనాటి బూరె కూడ ప్రసాదమే, దానిని నవ్వుచునే తిందురు. హాస్యచిత్రమును ఇంటిల్లిపాది కూర్చుండి చూచి కడుపుబ్బ నవ్వుటలో దోషమేమియు లేదు. కన్నప్ప కన్నునే యిచ్చినాడు. గృహస్థు నడుగుచున్నది కన్ను కాదు, కన్ను చూచుటకు ముందు ఒక్క నిలుపుదల.

ఉపాధ్యాయుని యింట నేరకథల ధారావాహిక ఆగిపోలేదు. శనివారము రాత్రి ఒక్క భాగము భార్యతో కూడ చూచి, హంతకుడెవరని వాదించుకొని, టీవీ కట్టివేయుచున్నారు. పురాతన ప్రకరణమును సాయంకాలము బిగ్గరగా చదువుచున్నారు. దినమునకు ఇరువది ద్విపదలకు మించి లేదు. సెలవులకు వచ్చినప్పుడు మనుమరాలు ప్రక్కన కూర్చుండి తెలియని మాట వచ్చినచోట ఆపును. ఆయనకును తెలియనప్పుడు ఇద్దరును శబ్దరత్నాకరమును తిరగవేయుదురు. ఫోనులోని గ్రంథములలో ఇరువది మాత్రము ఉంచి తక్కినవి తొలగించిరి. రీల్సు విషయమున మాత్రము ఇంకను ఒక దారికి రాలేదు. ఆ యాప్‌ను రెండుమారులు తీసివేసి, రెండుమారులును మరల పెట్టుకొనిరి.