ద్యూతధనము – దాసోహము

కాయకము, దాసోహము అనునవి శరణధర్మమునకు రెండు కన్నులు. సంపాదన ఎట్లుండవలెనో మొదటిది చెప్పును. సంపాదించినది ఎటు పోవలెనో రెండవది చెప్పును. పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణములో బసవేశ్వరుడు నెలకొల్పిన ఈ మార్గమును నేటి జీవనములోని ఒక సందర్భమునకు అన్వయించి చూడవలసియున్నది. చదువుకొన్న యువకులు కొందరు పేకాటను వినోదముగా గాక వృత్తిగా తలచుచున్నారు. గెలిచినవాడు మఠమునకు వచ్చి దాసోహమునకు ధనమిచ్చినచో దానినేమి చేయవలెను? ఓడినవాడు ఇంటికి వచ్చినచో వానినేమి చేయవలెను?

గోవాలో పణజి నగరము ప్రక్కన మాండవీ నది మీద జూదపు నౌకలు నిలిచియుండును. 1976 నాటి గోవా జూదపు చట్టమునకు 1990 దశకములో చేసిన సవరణలు వీనికి అనుమతినిచ్చినవి. ఆ కేసినోలలో ఆడు పేకాటలలో పోకర్ ఒకటి. ఒకడు మధ్యాహ్నము పడవనెక్కి అచ్చటికి చేరెననుకొనుడు. నోట్లిచ్చి చిప్సు అను రంగుబిళ్లలు పుచ్చుకొనును. నోటును వదలుటకు వెనుకాడు చేయి బిళ్లను వదలుటకు అంతగా వెనుకాడదు. బల్ల చుట్టు తొమ్మండుగురు కూర్చుందురు. ప్రతివానికి రెండు ముక్కలు మూసి పంచుదురు. అందరికి ఉమ్మడిగా ఐదు ముక్కలు విడతలుగా తెరతురు. ఎదుటివాడు పందెము పెంచినప్పుడు తానును కాయవలెను, లేదా ముక్కలు పడవేసి తప్పుకొనవలెను. రెండు ఆసులు చేతికి వచ్చుట సగటున 221 పంపకములకు ఒకసారి. గంటకు ఇరువదియైదు, ముప్పది పంపకములకన్న ఎక్కువ సాగవు. అనగా దాదాపు ఎనిమిది గంటలు కూర్చున్నచో ఒక్కమారు. ఓర్పుగలవాడు దినమంతయు ముక్కలు పడవేయుచు కాచుకొనియుండును. అట్లు కాచుకొనలేనివాడే తక్కినవారికి ఆహారము.

ఈ ఆటలో జూదశాల యజమాని పందెము కాయడు. పందెపు రాశినుండి కొంత భాగము తీసికొనును. దీనిని రేక్ అందురు. లెక్క వేసి చూడుడు. తొమ్మండుగురు తలకు 10,000 చొప్పున తెచ్చినచో మొత్తము 90,000 రూపాయలు. పంపకమునకు 100 రూపాయలు, గంటకు 25 పంపకములు, పది గంటల ఆట అనుకొన్నచో యజమానికి పోవునది 25,000. మిగిలిన 65,000 ఆ తొమ్మండుగురే పంచుకొనవలెను. బల్లపై ఒక్క గింజ పండలేదు, ఒక్క నూలుపోగు వడకబడలేదు. ఒకని సంచిలోనిది మరియొకని సంచిలోనికి మారినది. త్రోవలో సుంకము పోయినది.

ఇందులో నేర్పు లేదా అని అడుగువారు గలరు. ఉన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారమున 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని చెప్పినది. పోకరునకు కూడ గణితము, ఓర్పు, ఎదుటివాని ముఖము చదువు సూక్ష్మబుద్ధి కావలెను. 2025లో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను, నేర్పు ఉన్నను లేకున్నను, నిషేధించినది. నౌకమీది ఆటను మాత్రము గోవా చట్టము అనుమతించుచున్నది. చట్టము ఒకచోట తలుపు మూయును, ఒకచోట తెరచును. శరణుడు అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ శ్రమవలన ఎవరి అవసరము తీరినది? చెప్పులు కుట్టినవాడు ఒక పాదమును కాపాడెను. బట్ట నేసినవాడు ఒక దేహమును కప్పెను. పందెపు బల్లయొద్ద శ్రమించినవాని గెలుపు మరియొకని నష్టము కానిచో గెలుపే కాదు. శ్రమ మాత్రమే కాయకము కాదు; లోకమునకు ఉపయోగపడు శ్రమ కాయకము.

ఇచ్చట పురాతనుల కథలెరిగినవారు మూర్ఖనయనారును తలతురు. అరువదిమువ్వురిలో ఒకడైన ఆ భక్తుడు తన ఆస్తియంతయు శివభక్తుల అన్నమునకు వెచ్చించి, పిదప జూదమున గెలిచిన ధనముతో ఆ వ్రతము సాగించెను. జూదమాడియు శివుని పొందెను గదా యని కొందరు వాదింతురు. కథను పూర్తిగా చూడవలెను. ఆయన ముందు తనకున్నదంతయు ఇచ్చెను. గెలిచినది తనకై దాచుకొనలేదు. భక్తులు భుజించిన పిమ్మటనే తాను భుజించెను. ఆయనను నిలిపినవి పాచికలు కావు, ఆ భోజనపంక్తి. నేటి జూదరి పాచికలను తీసికొని పంక్తిని విడిచిపెట్టుచున్నాడు.

బసవేశ్వరుని కాలమున ఈ విషయము ఇంకను నిశితముగా శోధింపబడినది. ఐదక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి దాసోహము జరుపువాడు. ఒకనాడు అలవాటుకన్న ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ అధికమును ఇంట ఉంచనీయక, తెచ్చినచోటనే వదలి రమ్మనెను. అది దొంగిలినది కాదు, ఎవరిని ఓడించి తెచ్చినదియు కాదు; అయినను అవసరమునకు మించినదని త్రోసిపుచ్చెను. ఏరుకొన్న గింజకే ఇంత శోధన ఉండగా, తోడివాని చేతినుండి జారిన బిళ్లకు ఎంత ఉండవలెను?

కనుక మఠమునకు వచ్చిన ఆ ధనమును మర్యాదతో త్రిప్పి పంపుటయే మేలు. దానితో వడ్డించు అన్నము వెనుక ఏ ఇంటి పొయ్యి ఆరినదో తెలియదు. ధనమును త్రిప్పి పంపినను ఆ మనుష్యుని త్రిప్పి పంపరాదు. ఓడివచ్చినవానిని ఇంటివారు వాకిట నిలువబెట్టరాదు. వాని అప్పుల లెక్క కోపము లేక వినవలెను. మరల పందెపు డబ్బు వాని చేతికి చిక్కకుండ చూడవలెను. ఒక పని చూపవలెను. ఇష్టలింగార్చనవేళ ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. పోయినదానిని ఆడియే రాబట్టుదునను మాటను మాత్రము నమ్మరాదు. జూదశాల దీపములు వెలుగుచున్నది ఆ మాట వలననే.

ఇష్టలింగమును నిలుపుకొను అరచేయి పవిత్రమైనది. దానిలోనికి రావలసినది కాయకపు ఫలము. దానినుండి పోవలసినది దాసోహము.