తుఫాను మన ఒడ్డు దాటిపోవునప్పుడు



సముద్రపుటొడ్డున నివసించు మనకు ఒక సంగతి బాగుగా తెలియును. తుఫాను మన మీదికి రాక దూరముగా సముద్రము మీదనే సాగిపోవునప్పుడు, మన ఊరిలో గాలి అంత బలముగా నుండదు. ఒక్కొక్కప్పుడు ఎండయు కాయును. అయినను సముద్రము మాత్రము రంకెలు వేయుచుండును. కెరటములు ఇంటి చూరంత ఎత్తున లేచి, ఒడ్డున పగిలి, ఇసుకను కోసికొని పోవును. అట్టి దినమున ఊరివారు పడవలను మెరకకు లాగికొని, ఒడ్డున నిలిచి చూతురు. ఆ చూపులో భయము కలదు, ఆశ్చర్యము కలదు. ‘ఇది మనకు తప్పినది’ అను సంతోషము కూడ కలదు. ఈ సంతోషము దేవుని యెదుట ఎట్టిది?

2019వ సంవత్సరము మే నెలలో ‘ఫణి’ అను పెనుతుఫాను మన ఉత్తర కోస్తాకు ఎదురుగా సముద్రము మీదనే సాగి, 3వ తేదీ ఉదయమున ఒరిస్సాలోని పూరీ దగ్గర తీరము దాటెను. మన శ్రీకాకుళము జిల్లాలో ఈదురుగాలులు వీచెను, వానలు కురిసెను. అయితే దాని పూర్ణ బలము పడినది ఒరిస్సా మీదనే. అచ్చటి ప్రభుత్వము ముందుగానే పది లక్షలకు పైగా ప్రజలను సురక్షిత స్థలములకు చేర్చెను. అయినను 60 మందికి పైగా మరణించిరి. ఇండ్ల కప్పులు లేచిపోయెను, కొబ్బరితోటలు నేల కొరిగెను. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, చేపలమ్ముకొని జీవించు ఒక వృద్ధురాలు మమ్మును అడిగెను: “అయ్యగారూ, మనకు తప్పిందని స్తోత్రం చెప్పాం. అక్కడ పోయినవాళ్లూ ఆయన బిడ్డలే గదా?”

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయ రాదు.

మొదట ఆ కెరటమేమిటో ఆలోచించుదము. గాలి నీటిని ఒరసికొని వీచుటవలన అల పుట్టును. అల వచ్చునప్పుడు దూరమునుండి నీరు కొట్టుకొని వచ్చుట లేదు. వరిచేనిమీద గాలి వీచునప్పుడు వెన్ను ఉన్నచోటనే వంగి లేచును, అల మాత్రము చేను చివరవరకు పరుగెత్తును గదా. సముద్రములోను అట్లే. తుఫాను పుట్టించిన పొడవైన అలలు తుఫానుకంటె ముందుగా పరుగెత్తి, వందల మైళ్లు ప్రయాణము చేసి, ఒడ్డున లోతు తగ్గగానే పైకి లేచి విరిగి పడును. కాబట్టి మన కాళ్లయొద్ద విరుగు కెరటము మన తుఫానుయొక్క కెరటము కాదు. ఎక్కడనో, ఎవరిమీదికో పోవుచున్న గాలి మన గుమ్మమునకు పంపిన కబురు అది. దానిని వేడుకగా చూచి ఇంటికి మరలి పోవువాడు కబురు విననివాడే.

రెండవది, తప్పించుకొనుట మన నీతికి సాక్ష్యము కాదు. సిలోయములోని గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ప్రభువు స్పష్టముగా బోధించెను (లూకా 13). ‘మన ప్రార్థనవలన తుఫాను త్రోవ మళ్లినది’ అని కొందరు సాక్ష్యము చెప్పుదురు. పూరీ ప్రాంతమున సంఘములు లేవా? ఆ రాత్రి అక్కడి విశ్వాసులు మోకాళ్లూని యుండరా? ప్రాణము నిలిచినందుకు దేవుని స్తుతించుట ధర్మమే, స్తుతింపకుండుట కృతఘ్నత. అయితే ఆ స్తుతిలో ‘వారికంటె మేము మంచివారము’ అను పులిసిన పిండి ఇంచుకయు ఉండరాదు.

మూడవది, ఊరక నిలిచి చూచుటయు పాపము కావచ్చును. సహోదరుని ఆపద్దినమున ఎదుట నిలిచి చూచినందుకు ఎదోము తీర్పు పొందెను (ఓబద్యా 1). యోనాను చూడుడి. కెరటములు తన మీదుగా పొర్లినవాడు, సముద్రగర్భమునుండి కనికరము పొందినవాడు. అట్టివాడే నీనెవెకు ఏమి సంభవించునో చూడవలెనని పందిరి నీడను కూర్చుండెను. మనమును యోనావంటివారమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10,000 మంది మరణించిరి. ఆనాడు ఆ గాలి తగులని ప్రాంతములవారు, మన భాష తెలియనివారు సహా, బియ్యమును బట్టలును పంపిరి. వారు పందిరి నీడను కూర్చుండలేదు.

అయితే మనము చేయవలసినదేమి? గలిలయ సముద్రముమీద ప్రభువు తుఫానును గద్దించిన రాత్రి, ఆయన దోనెతోపాటు వేరు దోనెలును ఉండెనని మార్కు వ్రాసెను (4:36). ఆయన కలుగజేసిన నిమ్మళము ఆ దోనెలకును కలిగెను. మన ప్రార్థనయు అంత వెడల్పుగా ఉండవలెను. ‘మా దోనెను కాపాడుము’ అని ఆపక, ‘వేరు దోనెలను కూడ’ అని చెప్పవలెను. అంతియొకయ సంఘమువారు, కరవు రాబోవుచున్నదని విన్నప్పుడు, ‘మన గాదెలు నిండుగా నున్నవా’ అని చూచుకొనలేదు, ఎవరి శక్తికొలది వారు యూదయలోని సహోదరులకు సహాయము పంపిరి (అపొ. కార్యములు 11).

ఆ వృద్ధురాలికి మేము చెప్పిన జవాబు ఇదే: “అవునమ్మా, వారును ఆయన బిడ్డలే. అందుచేత మన స్తోత్రము సగమే అయినది. మిగిలిన సగము చేతులతో చెప్పవలెను.” మరుసటి వారము మన స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కుండలను ఆ నిమిత్తమే ప్రత్యేకించిరి.

ఇక మీదట సముద్రము రంకె వేసిన దినమున ఒడ్డునకు మరీ దగ్గరగా పోకుడి, పిల్లలను పోనియ్యకుడి. దూరమున నిలిచి, సృష్టికర్త మహిమకు భయపడుడి. ఈ గాలి ఏ ఊరిమీదికి పోవుచున్నదో అడిగి తెలిసికొని, ఆ ఊరి పేరు ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పలుకుడి. ఉదయమున బియ్యము కొలుచునప్పుడు ఆ ఊరికొక పిడికెడు తీసి ఉంచుడి.