లాగడమే తప్ప నెట్టకూడదు

అమెరికా తూర్పు కొండల్లో 14 రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ కాలిబాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. 1937లో పూర్తయిన ఆ బాటను నేటికీ ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే కాపాడుతున్నారు. గుడారాలు మోసుకెళ్లి, అడవిలోనే రోజుల తరబడి ఉండి, దారికి అడ్డంగా కూలిన చెట్లను తొలగిస్తారు. 1964 నాటి చట్టం కాపాడే అడవుల్లో మోటారు రంపాలు వాడరు. ఇద్దరు చెరో కొస పట్టుకుని పొడవాటి చేతిరంపంతో కోస్తారు.

అక్కడ మొదటి పాఠం ఒకటే: నీ వంతులో లాగు, అవతలివారి వంతులో చేయి వదులు చెయ్యి. నెడితే రంపం వంగి ఇరుక్కుంటుంది. సంసారమైనా, ఊరి పనైనా అంతే కదా!

తాము బాగుచేసిన దారిన రేపు ఎవరు నడుస్తారో ఆ సేవకులకు తెలియదు. మన పెద్దలు బాట పక్కన చెట్లు నాటిందీ, చలివేంద్రాలు పెట్టిందీ అలాగే. ఈ రోజు మన దారిలో ఒక్క ముల్లయినా తీసి పక్కన పెడదాం.