పెద్ద కుక్కకి ఆశ్రయం: దయ ఒక్కటే సరిపోతుందా?



కాలభైరవుడి పక్కన కుక్క కనిపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టుకుంటాం. అదే కుక్క గుడి బయట, డొక్కలు ఎండిపోయి, మెడకి పాత బెల్టుతో కనిపిస్తే? "అయ్యో" అంటాం. కొందరం బిస్కెట్లు పెడతాం. ఇంకొందరికి ఇంటికి తీసుకెళ్లిపోవాలనిపిస్తుంది. ఈరోజు ఆ మూడోవాళ్ల గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఆ కుక్క ముప్పై నలభై కిలోల జర్మన్ షెపర్డో, లాబ్రడారో అయినప్పుడు.

ముందు మహాభారతం. ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క కథ ఉంది. జనమేజయుడి యాగం దగ్గరికి సరమ కొడుకు, ఒక కుక్కపిల్ల, వెళ్తుంది. ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. సరమ వచ్చి నిలదీసి, అనుకోని ఆపద వస్తుందని శపిస్తుంది. చివర్లో, మహాప్రస్థానిక పర్వంలో, ఇంకో కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, స్వర్గంలో కుక్కకి చోటు లేదు, వదిలేసి ఎక్కమంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేయడం బ్రహ్మహత్యతో సమానమని ధర్మరాజు ఎక్కనంటాడు. ఆ కుక్కే యమధర్మరాజని ఆ తర్వాత తెలుస్తుంది.

ఈ కథ విని "కుక్కల మీద దయ చూపించాలి" అనుకుంటాం. నిజమే, కానీ ధర్మరాజు అక్కడ చేసిన పని కుక్కని కొత్తగా చేరదీయడం కాదు. హస్తినాపురం నుంచి అంతదూరం వెంట నడిచినదాన్ని వదలకపోవడం. అంటే బరువంతా "రా" అనడంలో లేదు, "వదలను" అనడంలో ఉంది.

రోడ్డు మీద దొరికే పెద్ద జాతి కుక్కలు ఎక్కడివి? చాలావరకు ఒకప్పుడు ఎవరో ముద్దుగా కొనుక్కున్న పిల్లలే. ఏడాదిలో అది మనిషిని లాగేసేంత అవుతుంది. తర్వాత పెళ్లి, పాప, ఇల్లు మారడం, ఆన్‌సైట్. ఏదో ఒక కారణం దొరుకుతుంది. అంటే మన దగ్గరికి వచ్చేది అప్పటికే ఒకసారి నమ్మి మోసపోయిన ప్రాణి. దాన్ని దయతో తెచ్చి మూడు నెలలకి "మా వల్ల కాదు" అంటే, మనం రెండో మోసం చేసినట్టే.

చట్టం కూడా ఇదే చెప్తోంది. 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, సరైన కారణం లేకుండా జంతువుని వదిలేయడం నేరం. మరీ పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేసి ఉంచడమూ నేరమే. 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో దత్తత మాట కూడా ఉంది. ఇష్టమైనవాళ్లు తీసుకోవచ్చు, కానీ ఆ కుక్క మళ్లీ రోడ్డు మీదకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది కూసుమంచి. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం ఉన్న ఊరు. అమ్మానాన్న అక్కడే ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఆఫీసులో ఒకతను నాలుగేళ్ల జర్మన్ షెపర్డ్‌ని రోడ్డు మీద నుంచి తెచ్చి, తన ఫ్లాట్‌లో ఉంచలేక, "మీకు ఊళ్లో ఇల్లు, పెద్ద వాకిలి ఉన్నాయి కదా బ్రో, అక్కడైతే హాయిగా ఉంటుంది" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. అడుగుదామని ఇంటికి ఫోన్ చేశాను.

అమ్మ ఒకే మాట అంది. "తెస్తానంటున్నావు సరే నాన్నా, చూసేది ఎవరు?"

ఆలోచిస్తే అన్నీ అలాంటివే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంత కుక్క ఒక్కసారి లాగితే పడిపోతుంది. కోతులు వస్తే అది గోడ దూకేస్తుంది, బయట పక్కవాళ్ల మేకలు, ఆడుకునే పిల్లలు. మా ఖమ్మం ఎండలు సంగతి తెలిసిందే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చే చల్లబడాలి. అంత బొచ్చుతో మే నెల మధ్యాహ్నం దానికి నరకం. వాకిలి పెద్దదే, కానీ చోటు ఉండటం వేరు, తగిన ఇల్లు కావడం వేరు.

శిబి చక్రవర్తి ఇక్కడ గుర్తొస్తాడు. పావురాన్ని కాపాడటానికి ఆయన తన తొడ మాంసమే కోసి ఇచ్చాడు, పక్కవాడిది అడగలేదు. కుక్కని ఊరికి పంపి నేను "రెస్క్యూ చేశాను" అని స్టేటస్ పెట్టుకుంటే, పుణ్యం నాది, కోత అమ్మది. అమ్మానాన్న మనస్ఫూర్తిగా కావాలంటే అది వాళ్ల దయ. వాళ్లు మొహమాటానికి ఊ అంటే అది మన స్వార్థం.

"ఇలా అందరూ లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఆ కుక్క గతేంటి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. తగిన ఇల్లు కాదనడం చాలాసార్లు తప్పించుకోవడానికి మంచి సాకే. తేడా ఎలా తెలుస్తుంది? సాకు "కుదరదు" దగ్గర ఆగిపోతుంది. ధర్మం ఆ తర్వాత కూడా పని చేస్తుంది. మేం వ్యాక్సిన్ ఖర్చు పంచుకున్నాం, వారాంతాల్లో దాన్ని నడిపించాం, తెలిసినవాళ్లందరినీ అడిగాం. నెలన్నరకి, ఇంతకుముందు అదే జాతి కుక్కని చివరిదాకా పెంచిన ఒక కుటుంబం దొరికింది. వాళ్లు వచ్చి రెండుసార్లు దానితో గడిపాకే తీసుకెళ్లారు. ఎప్పుడైనా కుదరకపోతే రోడ్డు మీద కాదు, మాకే తిరిగి ఇవ్వాలని మాట తీసుకున్నాం. హైదరాబాద్‌లో అయితే 1992 నుంచి పని చేస్తున్న బ్లూ క్రాస్ లాంటి సంస్థలని కూడా అడగొచ్చు.

ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పుకుంటాం. అందులో దేశం, కాలం, గోత్రనామాలు వస్తాయి. అంటే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేస్తున్నారో ముందే ఒప్పుకోవడం. కుక్కని తెచ్చుకునే ముందు కూడా ఆ మూడే చెప్పుకోండి. దేశం: అది పడుకునేది ఎక్కడ, నడిచేది ఎక్కడ, ఓనర్ ఖాళీ చేయమంటే ఎక్కడికి? కాలం: ఇంకో ఎనిమిది పదేళ్లు అది బతకొచ్చు, ముసలిదై లేవలేని రోజులు కూడా అందులోనే, అప్పటికి నేను ఏ ఊళ్లో ఉంటాను? కర్త: రోజూ పొద్దున్న ఆరింటికి బెల్టు పట్టుకునే చెయ్యి ఎవరిది?

మూడింటికీ మీ పేరే వస్తే, ధైర్యంగా తెచ్చుకోండి. మొదట్లో అది సరిగ్గా తినకపోవచ్చు, మూలన దాక్కోవచ్చు, పిలిస్తే రాకపోవచ్చు. కంగారు పడకండి. నమ్మడం దానికి కష్టంగా ఉంది, అంతే.

భైరవుడి దయ మీ ఇంటి మీదా, మీ గుమ్మంలోకి వచ్చే ప్రతి ప్రాణి మీదా ఉండాలి. ఓం నమః శివాయ.