ఒప్పుకొన్నవాడును, విచారణ కోరినవాడును

ఇద్దరు కలిసి ఒక నేరము చేసిరనుకొనుము. ఒకడు కోర్టులో ఒప్పుకొనెను. రెండవవాడు విచారణ కోరెను. తుదకు అతని నేరమును రుజువాయెను. ఇద్దరికిని ఒకే శిక్ష వేయుట న్యాయమా? ఒప్పుకొన్నవానికి తగ్గించుట న్యాయమా?

రాజద్రోహ నేరమునకు 1908లో తిలకు విచారణ జరిగి ఆరేండ్ల శిక్ష పొందెను. ఆ కాలముననే బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికా సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు అదే నేరముక్రింద చెరసాలకు పోయెను. 1922 మార్చి 18న అహమదాబాదులో గాంధీజీయు, ఆయన పత్రికను ముద్రించిన శంకర్‌లాల్ బాంకరును ఆ నేరమునే ఒప్పుకొనిరి. పూర్తి విచారణ జరుపుమని ప్రభుత్వ న్యాయవాది కోరినను, జడ్జి బ్రూంఫీల్డు వారి ఒప్పుదలనే అంగీకరించెను. గాంధీజీకి తిలకువలెనే ఆరేండ్లు వేసెను. బాంకరుకు అంతకంటె చాల తక్కువ. ఆ చట్టము మంచిదని నేననుట లేదు. కొలతను మాత్రము గమనింపుము. ఒప్పుదలను కాదు, ఎవరి పాలు ఎంతయో దానిని తూచిరి.

శిక్ష తగ్గింతుమని ఆశపెట్టి ఒప్పించుట తగదని మన సుప్రీంకోర్టు 1980లో చెప్పెను. నిర్దోషియు విచారణకు జడిసి తల యొగ్గునేమోనని దాని భయము. 2006 నుండి, ఏడేండ్లకు మించని శిక్షగల కొన్ని నేరములలో, ముద్దాయి తానై కోరినచో శిక్ష తగ్గించు ఒప్పందమునకు చట్టము చోటిచ్చినది. అయితే అతడు తన యిష్టముననే వచ్చెనా అని జడ్జి ఏకాంతముగా అడుగవలెను.

ఆ ప్రశ్న ఎంత అవసరమో చూడుము. కాలువక్రింద కూలి చేసికొను బీదవానికి వాయిదా వాయిదాకు బస్సు ఛార్జీ, పోయిన కూలి, వకీలు ఫీజు. “ఒప్పుకొంటే పోతుందిలే” అని పదిమంది చెప్పుదురు. అతడు ఒప్పుకొనినది పశ్చాత్తాపముచేతనా, అలసటచేతనా?

పశ్చాత్తాపమునకు కనికరము చూపవచ్చును. కాని తగ్గింపు పెరిగినకొలది, విచారణ కోరినవానికి అది జరిమానా యగును. కనుక తగ్గింపు కొద్దిదై యుండవలెను. విచారణ కోరినందుకు ఒక్క దినమైనను ఎక్కువ వేయరాదు.

సిలువమీది నేరస్థులలో ఒకడు తప్పు ఒప్పుకొనెను, దిగివచ్చుటకు బేరమాడలేదు. నిజమైన ఒప్పుదల అట్టిది. సంఘ పెద్దలారా, మీ యెదుట తగవు వచ్చినపుడు “ఒప్పుకొంటివా సరి, లేకుంటే చూడు” అనకుడి. ముందుగా ఇద్దరి మాటయు వినుడి.