దేవుడి మీద కోపంగా ఉన్నప్పుడు దీపం పెట్టొచ్చా?



ఈ వారం వీడియో హరిబౌలిలో, అక్కన్న మాదన్న మహంకాళి అమ్మవారి గుడి దగ్గర తీశాం. వెనకాల ఆటోల హారన్లు, పక్కన టీ కొట్టు, మధ్యలో నేను. చెప్పాలనుకున్నది సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ఒక చెల్లెలు అడిగిన ప్రశ్నతో ఇది మొదలైంది. వాళ్ళ నాన్నగారు పోయి నాలుగు నెలలు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఈ అమ్మాయి హనుమాన్ చాలీసా వదల్లేదు. మొక్కని మొక్కు లేదు. ఆయన దక్కలేదు. "ఇప్పుడు దేవుడి గదిలోకి వెళ్తే కోపం వస్తోందన్నా. అమ్మ దీపం పెట్టమంటుంది. లోపల తిట్టుకుంటూ పైకి దీపం పెడితే పాపం కదా? అందుకే మానేశాను" అంది.

చాలామంది ఇలాగే మానేస్తారు. దేవుడు లేడని తేల్చుకుని కాదు. ఉన్నాడు, కానీ ఆయన ముందు మంచిగా నటించడం ఇంక చేతకాదు, అందుకని. నేనూ అలాగే మానేశాను. నాకు మళ్ళీ దారి దొరికింది మాత్రం మన పుస్తకాల్లోంచి కాదు, ఒక క్రైస్తవ నర్సక్క చేతిలో ఉన్న పుస్తకంలోంచి. ఇది విని కొంతమంది మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి, పర్లేదు. కానీ చివరిదాకా చదవండి.

మాది శాలిబండ. పదకొండేళ్ళ కింద అమ్మని ఒక ఆస్పత్రిలో పందొమ్మిది రోజులు పెట్టాం. సాయంత్రం పూట వరండాలో బెంచీ మీద కూర్చుని విష్ణు సహస్రనామం చదివేవాణ్ణి. రాత్రి డ్యూటీలో ఖమ్మం వైపు నుంచి వచ్చిన నర్సక్క ఒకామె ఉండేది. తెల్లవారుజామున ఐదింటికి, డ్యూటీ దిగే ముందు, స్టూలు మీద కూర్చుని చిన్న తెలుగు బైబిల్ తీసి ఒక పేజీ పెదవులు కదుపుతూ చదివేది. ఐదు నిమిషాలు, అంతే. మూసి సంచిలో పెట్టుకునేది. ఎవరికీ ఏమీ చెప్పేది కాదు.

అమ్మ పోయింది కూడా అలాంటి తెల్లవారుజామునే. కాగితాల కోసం కూర్చున్నప్పుడు ఆమె చేతిలో పుస్తకం కనబడి నాకు ఎక్కడో మండింది. "మావాడు వినలేదు. మీ దేవుడైనా వింటాడా అక్కా?" అన్నాను. దెబ్బలాటకే అన్నాను.

ఆమె ప్రచారం మొదలుపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. "వినట్లేదని తిట్టే పాటలు కూడా ఉన్నాయి తమ్ముడూ ఇందులో" అంది. ఆ రోజు తన వంతుకొచ్చిన పేజీ చూపించింది. కీర్తనల గ్రంథం, 88వ కీర్తన.

అప్పుడు నాకది ఎక్కలేదు. ఎనిమిది నెలల తర్వాత ఎక్కింది.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనలో చాలామందికి బైబిల్ అంటే యేసు కథ, పది ఆజ్ఞలు, అంతవరకే తెలుసు. దాని నడుమ 150 పాటలున్న గ్రంథం ఒకటుంది. ఇంగ్లీషులో సామ్స్ అంటారు. తెలుగులోకి తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు చూడండి: కీర్తనలు. అన్నమయ్యవీ కీర్తనలే, రామదాసువీ కీర్తనలే, అవీ కీర్తనలే. పేరొక్కటే కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అనే ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవంలోకి వెళ్ళి, తెలుగులో వందకు పైగా కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎక్కడైనా కనిపిస్తే ఒకసారి తెరిచి చూడండి. పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. మన పాటల పుస్తకం లాగే.

ఆ 150 పాటల్లో స్తోత్రాలున్నాయి, కృతజ్ఞతలున్నాయి. కానీ మూడో వంతు దాకా ఏడుపు పాటలే. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదట్లోనే, ఇంకా ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావని నాలుగుసార్లు తిప్పి తిప్పి దేవుణ్ణే నిలదీస్తాడు పాడేవాడు. 22వ దాని మొదటి మాటలు, నన్నెందుకు వదిలేశావన్న ప్రశ్న, శిలువ మీద యేసు నోట వచ్చాయని సువార్తలు చెప్తాయి. అంటే వాళ్ళు దేవుడి కుమారుడని కొలిచేవాడే చివరి ఘడియలో ఫిర్యాదు పాట అందుకున్నాడు. ఇలాంటి పాటలు చాలావరకు చివరికొచ్చేసరికి నమ్మకం వైపు మళ్ళుతాయి. 88వది అలా మళ్ళదు. పగలూ రాత్రీ పిలిచాను, నువ్వు మొహం దాచుకున్నావు, నా వాళ్ళను దూరం చేశావు అంటూ చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని తీసెయ్యకుండా, చివర ఒక మంచి మాట అతికించకుండా, గుడిలో అందరూ పాడే పాటల మధ్యే ఉంచారు.

నర్సక్క ఆ రోజు ఇంకో మాట అంది. "రోజుకొకటి వరసగా చదువుతాను. నా మనసెలా ఉన్నా ఆ రోజు వంతు ఆ రోజుదే. నేను బానే ఉన్న రోజు ఏడుపు పాట వస్తే, ఈ వార్డులో ఎవరికో ఒకరికి సరిపోద్దిలే అని వాళ్ళ బదులు చదువుతాను."

నా బదులు ఎవరో చదివారన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇలా వరస తప్పకుండా చదవడం ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమాల్లో వారంలో 150 కీర్తనలూ పూర్తి చెయ్యమన్నాడు. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ఉదయం, సాయంత్రం కలిపి నెలకు సర్దింది. మనకు నచ్చిన శ్లోకం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడానికీ దీనికీ తేడా తెలుస్తోందా? అక్కడ మన మూడ్‌కి తగ్గ మాటలు ఏరుకుంటాం. ఇక్కడ మాటలు ముందే ఉంటాయి, మనం వెళ్ళి వాటిలో కూర్చుంటాం. సంతోషంగా ఉన్నవాడు ఏడుపు భాష ముందే నేర్చుకుంటాడు. రేపు అవసరం పడ్డప్పుడు నోరు పెగలకుండా నిలబడిపోడు.

సరే, ఇప్పుడు హరిబౌలికి వద్దాం. అక్కడే ఎందుకు కూర్చున్నానంటే, మాదన్న గోల్కొండ చివరి సుల్తాను తానీషా దగ్గర మంత్రి. మన కంచర్ల గోపన్న ఆ అన్నదమ్ములకు మేనల్లుడని చెప్తారు. నేలకొండపల్లి పిల్లవాడు మేనమామల పలుకుబడితో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు, శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టాడు, గోల్కొండ చెరసాలలో పడ్డాడు. పన్నెండేళ్ళని సంప్రదాయం. కథ మీకు తెలుసు, సినిమాలూ చూశారు.

కానీ ఆ చెరసాల పాటల్ని కథ పక్కనపెట్టి, ఉత్త ప్రార్థనలుగా ఒకసారి వినండి. రాముడికి ఆయన లెక్క అప్పజెప్తాడు. భరతుడికి చేయించిన పతకం, సీతమ్మకు చేయించిన నగ, ఒక్కోదానికి ఎన్ని మొహరీలు పట్టాయో సహా. ఇదంతా మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని దెప్పుతాడు. ఎవరబ్బ సొమ్మని ఇలా కులుకుతున్నావని గదమాయిస్తాడు. తర్వాత ఆ నోటితోనే, దెబ్బలు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకయ్యా అంటాడు. అదీ పని చెయ్యకపోతే సీతమ్మను పట్టుకుంటాడు, ఏకాంతంలో ఉన్నప్పుడు నా సంగతి ఒక మాట వెయ్యమ్మా అని.

మేనమామ మంత్రిగా ఉన్న రాజ్యంలో జైల్లో ఉన్నాడు చూడండి. తిట్టాలంటే మామలున్నారు, సుల్తానున్నాడు, కొరడా పట్టుకున్నవాడున్నాడు. ఆయన మాత్రం నేరుగా రాముణ్ణే పట్టుకున్నాడు. "నువ్వు" అని ఎదురుగా నిలబెట్టి అడిగాడు. 88వ కీర్తన పాడినవాడు చేసిందీ అదే. మన సాహిత్యంలో దీన్ని నిందాస్తుతి అంటారు, పేరులోనే స్తుతి ఉంది. ఇంత మన దగ్గర పెట్టుకుని, ఇది నేర్చుకోవడానికి నాకు ఆస్పత్రి వరండా కావాల్సొచ్చింది. చిన్నప్పటి నుంచీ రామదాసు పాటలు శ్రీరామనవమి పందిట్లో మైకులో విన్నవాణ్ణే. పానకం తాగుతూ విన్నాను, అదీ సంగతి.

మన బోనాల్లో చూడండి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దగ్గర రంగం రోజున పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాట చెప్పే ఆవిడ భక్తుల్ని ఎంత గట్టిగా నిలదీస్తుందో! వీళ్ళూ ఊరుకోరు, మా తప్పేంటి తల్లీ, చేస్తున్నాం కదా అంటారు. మర్నాడు అలిగి ఎవరూ గుడి మానెయ్యరు. మన పాతబస్తీలో అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంటే ఎదురెళ్ళే జనంలో ఆ ఏడు ఎవరో ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

ఇంకొక్క విషయం. ఆ చెల్లెలు చివర్లో రాసింది కాబట్టి చెప్పాలి. చావింటికి వచ్చిన చుట్టాలు "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం" అన్నారట. ఒకాయనైతే ఏదో దోషం ఉందని లెక్క కూడా కట్టాడట.

బైబిల్లో యోబు అని ఒకాయన గ్రంథం ఉంది. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్ళంతా పుండ్లు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అది వాళ్ళు చేసిన మంచి పని. ఎనిమిదో రోజు నుంచి నోరు తెరిచారు: నువ్వేదో పాపం చేసుంటావు, దేవుడు న్యాయవంతుడు, ఊరికే ఎందుకు శిక్షిస్తాడు? యోబు ఒప్పుకోడు. అధ్యాయాలకు అధ్యాయాలు దేవుడితో వాదిస్తాడు. చివర్లో దేవుడే వచ్చి యోబును కూడా ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తాడు, అది నిజమే. కానీ కోప్పడింది మాత్రం ఆ స్నేహితుల మీద. నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదని తేల్చి చెప్తాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళకి తిట్లు పడ్డాయి.

కర్మ సిద్ధాంతం తప్పని నేను అనట్లేదు. అది మన మూల స్తంభం. రామదాసు కథలోనే ఉంది కదా, పోయిన జన్మలో చిలకను పంజరంలో పెట్టాడు కాబట్టి ఈ జన్మలో చెరసాల అని. ఆ మాట నా బతుకు గురించి నేను అనుకుంటే నాకు ఓర్పు రావచ్చు. ఎదుటివాడి ఇంట్లో శవం లేవకముందే వాడికి చెప్తే అది రాయి విసరడమే. గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం, విషాదాన్ని కూడా యోగమనే అన్నారు. ఆ అధ్యాయమంతటిలో కృష్ణుడు మాట్లాడింది ఒకే ఒక్క ముక్క, ఈ కౌరవుల్ని చూడు అని. అర్జునుడు విల్లు కింద పెట్టి ఏడ్చేదాకా ఉపదేశం మొదలుపెట్టలేదు.

బైబిల్ చదివితే మతం మారిపోతామా అని కొందరు తమ్ముళ్ళు అడుగుతారు. నేను మారలేదు, ఆ అక్కా నన్ను మారమనలేదు. ఆమె దేవుడి గురించి ఆమె నమ్మకం వేరు, నాది వేరు. ఆ తేడాలు చిన్నవేం కావు. రెండూ ఒకటేనని తేలిగ్గా కలిపేస్తే ఇద్దరికీ మర్యాద కాదు. ఆమె దగ్గర నేను తెచ్చుకున్నది ఒక అలవాటు.

చెల్లీ, ఇప్పుడు నీకు. దీపం పెట్టు. శ్లోకం రాకపోతే వద్దు. రామదాసు కీర్తనల పుస్తకం తీసి వరసలో ఒక్కటి పైకి చదువు. పాడక్కర్లేదు, పైకి వినబడితే చాలు. తర్వాత నాన్నగారి పేరు చెప్పి, నువ్వు అడగాల్సింది అడుగు, ఏకవచనంలోనే. చివర మంచి మాట అతికించకు, వస్తే అదే వస్తుంది. పది నిమిషాలు దాటనివ్వకు. మర్నాడు తర్వాతి కీర్తన. మధ్యలో సంతోషం పాట వస్తే ఎగరగొట్టకు, ఆ రోజు కూతురి పెళ్ళి చేస్తున్న ఇల్లు ఏదో ఒకటి ఉంటుంది, వాళ్ళ బదులు చదువు. నిద్ర అసలు పట్టట్లేదన్నా, బతకాలని లేదన్నా మాత్రం ఇది ఒక్కటే సరిపోదు. డాక్టర్ని కలువు, లేదా ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 కు ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడొచ్చు.

ఎనిమిది నెలల తర్వాత నేను సంచిలోంచి సహస్రనామం తీసినప్పుడు పుస్తకం మధ్యలో అమ్మ రక్తపరీక్ష చీటీ ఉంది, గుర్తుగా పెట్టుకున్నది. ఆ రోజు నామాలు చదవలేదు. చీటీ చేత్తో పట్టుకుని స్వామిని అరగంట తిట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, ఏమీ అనకుండా, ఒత్తి ఆరిపోకుండా నూనె పోసి వెళ్ళింది.